ఇంటిపట్టున: దీపాలు వెలుగుతున్నాయి, నెట్ మాత్రం రాదు

ఇదివరకు నలుగురు ఆడవాళ్ళు కలిస్తే పాలవాడు నీళ్ళు కలుపుతున్నాడనో, పనిమనిషి చెప్పకుండా మానేసిందనో చెప్పుకునేవారు. ఇప్పుడు ఆ రెండింటికీ తోడు మూడో మాట చేరింది: "మా ఇంట్లో నెట్ రావడం లేదండీ!" నాకు వచ్చే ఉత్తరాలలో కూడా ఈ మాట తరచు కనబడుతోంది. కరెంటు పోతే వీధి వీధంతా చీకటి గనుక ఎవరికీ అనుమానం వుండదు. కుళాయి రాకపోతే పక్కింటివారి బిందె చూస్తే తెలిసిపోతుంది. నెట్ సంగతి అల్లా తేలదు. ఒకే ఇంట్లో ఒక గదిలో వస్తుంది, మరో గదిలో రాదు. అబ్బాయి సెల్‌ఫోనులో సినిమా నడుస్తూనే వుంటుంది, అమ్మాయి కంప్యూటరులో గుండ్రటి చక్రం తిరుగుతూనే వుంటుంది. తప్పు ఎక్కడుందో తెలియక ఇంటిల్లిపాదీ ఒకరిమీద ఒకరు విసుక్కోవడం మిగులుతుంది.

తెనాలి నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం చూడండి.

"మావారికి పక్షవాతం వచ్చి రెండేళ్ళయింది. మా అమ్మాయి ఇంటిపట్టునే వుండి, అమెరికాలో వున్న మన తెలుగువాళ్ళ పిల్లలకు కంప్యూటరులో లెక్కలు చెబుతోంది. తెల్లవారుజామున అయిదున్నరకు పాఠం మొదలు. ఇల్లు నడిచేది ఆ డబ్బుతోనే. పదిరోజుల క్రితం కేబుల్ వాళ్ళు వచ్చి పాత బాక్సు తీసి కొత్తది పెట్టి వెళ్ళారు. ఆనాటినుంచి లాప్‌టాప్‌లో నెట్ లేదు. హాల్లో మావారి మంచం వుంటుంది గనుక అమ్మాయి లోపలి గదిలో కూర్చుంటుంది. అక్కడికి వైఫై అందక ఏనాడో వైరు వేయించుకున్నాం. ఆ వైరు ఇప్పటికీ పెట్టే వుంది. హాల్లో నా ఫోనుకు అదే బాక్సు నుంచి నెట్ బాగానే వస్తోంది. కేబుల్ అతన్ని పిలిస్తే 'లైను బాగానే వుందమ్మా, మీ కంప్యూటరు పాడైపోయింది' అన్నాడు. కంప్యూటరు షాపుకు తీసుకెడితే 'మా వైఫైలో వస్తోంది, లోపం మీ లైనుదే' అన్నారు. మళ్ళీ వెడితే 'ఫార్మాట్ చేసి చూద్దాం' అంటున్నారు. అందులో అమ్మాయి మూడేళ్ళుగా తయారుచేసుకున్న పాఠాలన్నీ వున్నాయి. ప్రస్తుతం ఫోనులోనే పాఠం చెబుతోంది గాని, ఆ చిన్న తెరమీద లెక్కలు కనబడటంలేదని ఇద్దరు పిల్లల తల్లులు వేరే టీచరును చూసుకుంటామన్నారు. ఏం చెయ్యమంటారు?"

అమ్మా, మొట్టమొదట ఒక్క మాట: ఫార్మాట్ చేయించకండి. ఫార్మాట్ అంటే ఇంట్లో సామానంతా వీధిలో పారబోసి, సున్నం కొట్టించి, మళ్ళీ కాపురం పెట్టడం లాంటిది. వీధి తలుపు గడియ బిగుసుకుపోతే ఎవరైనా ఆ పని చేస్తారా? ఇక రేపటి పాఠం సంగతి. ఫోనును లాప్‌టాప్ పక్కన పెట్టి, అందులో హాట్‌స్పాట్ వేయండి. ఫోను సిమ్ములోని నెట్టే లాప్‌టాప్‌కు వైఫైగా అందుతుంది. డేటా కొంచెం ఎక్కువ ఖర్చవుతుంది గాని, లెక్కలు పెద్ద తెరమీద కనబడతాయి. ఆ తల్లులకు రెండురోజుల్లో అంతా చక్కబడుతుందని అమ్మాయిచేత ఒక ముక్క రాయించండి. తరువాత నిదానంగా అసలు సంగతి చూద్దాం.

మన ఇంటికి నెట్ రావడం కుళాయి నీళ్ళు రావడం వంటిదే. వీధిలోంచి లైను వస్తుంది. అది ఇంట్లో బాక్సులోకి దిగుతుంది. బాక్సునుంచి వైరు ద్వారానో, గాలిలో వైఫై ద్వారానో కంప్యూటరు దాకా వెడుతుంది. కంప్యూటరులో దానిని అందుకునే గుమ్మం ఒకటి వుంటుంది. దీనికే నెట్‌వర్క్ ఎడాప్టరు అని పేరు. లాప్‌టాప్‌లలో సాధారణంగా ఈ గుమ్మాలు రెండు: వైరుకు ఒకటి, వైఫైకి మరొకటి. వీధి లైను, బాక్సు, వైరు, గుమ్మం, ఈ నాలుగింటిలో ఎక్కడో ఒకచోట నెట్ ఆగిపోతుంది. ఎక్కడ ఆగిందో తెలుసుకుంటే ఎవరిని పిలవాలో, ఏమని చెప్పాలో కూడా తెలుస్తుంది. తెలియనంతకాలం కేబుల్ అతను షాపువారిమీద, షాపువారు కేబుల్ అతనిమీద చెప్పుకుంటూ పోతారు, మధ్య మనం నలిగిపోతాం.

మీ ఉత్తరంలోనే సగం జవాబు వుంది. మీ ఫోనుకు అదే బాక్సునుంచి నెట్ వస్తోంది గనుక వీధి లైనూ బాగుంది, బాక్సూ బాగుంది. కేబుల్ అతను ఆ మాట నిజమే చెప్పాడు. షాపులో వైఫైతో పనిచేసింది గనుక కంప్యూటరు మొత్తానికి పాడయిందనుకోవడానికి వీలులేదు. వాళ్ళూ సగం నిజమే చెప్పారు. ఇక మిగిలినవి రెండే: ఆ వైరు, వైరు వచ్చి చేరే గుమ్మం. బాక్సు మార్చిన రోజునుంచే ఈ చిక్కు వచ్చిందంటే నా అనుమానం గుమ్మంలోని ఒక చిన్న ఏర్పాటు మీదికి పోతోంది.

ఏమిటా ఏర్పాటు? ఇంట్లోని ప్రతి ఫోనుకూ, ప్రతి కంప్యూటరుకూ బాక్సు ఒక డోరు నంబరు ఇస్తుంది. 192.168.100.7 అన్నట్లుగా నాలుగు అంకెలు చుక్కలతో వుంటాయి. సాధారణంగా కంప్యూటరు తెరవగానే "నాకో నంబరు ఇవ్వండి" అని అడుగుతుంది, బాక్సు ఇస్తుంది. ఈ పద్ధతి 1993లో ఏర్పడింది. అయితే కొన్ని ఇళ్ళలో, ముఖ్యంగా పాత కనెక్షన్లలో, లైను పెట్టడానికి వచ్చిన కుర్రవాడు అడిగి పుచ్చుకునే పద్ధతి తీసేసి, కంప్యూటరులో ఒక నంబరు శాశ్వతంగా రాసి పెట్టి వెడతాడు. పాత బాక్సు వున్నంతకాలం ఆ నంబరు చెల్లుతుంది. కొత్త బాక్సు వచ్చి పేట పేరే మార్చేసిందనుకోండి, మీ లాప్‌టాప్ ఇంకా పాత పేటలోనే వున్నాననుకుని, లేని ఇంటి తలుపు తడుతూ కూర్చుంటుంది. ఫోను అడిగి పుచ్చుకునే రకం గనుక దానికి ఏ బాధా వుండదు.

ఇది నిజమో కాదో పది నిమిషాలలో మీరే తేల్చుకోవచ్చు. ముందుగా వైరు చూడండి. రెండు చివరలా ప్లగ్గు తీసి, "టక్" మని శబ్దం వచ్చేదాకా మళ్ళీ నొక్కండి. బాక్సులో ఆ వైరు దూర్చిన రంధ్రం దగ్గర చిన్న దీపం వెలగాలి. వెలగకపోతే బాక్సులో పక్క రంధ్రంలో పెట్టి చూడండి, అప్పటికీ వెలగకపోతే వేరే వైరు తెచ్చి చూడండి. తలుపు సందులో నలిగి లోపల తెగిపోయిన వైరు పైకి నిక్షేపంలా కనబడుతుంది సుమా!

దీపం వెలిగితే లాప్‌టాప్ ముందు కూర్చోండి. విండోస్ గుర్తు వున్న మీటను పట్టుకుని ఆర్ అక్షరం నొక్కితే ఒక చిన్న పెట్టె వస్తుంది. అందులో సి, ఎం, డి అని మూడు అక్షరాలు కొట్టి ఎంటర్ నొక్కండి. నల్లటి తెర తెరుచుకుంటుంది. భయపడనక్కరలేదు, మనం చదవడమే గాని దేనినీ మార్చబోవడం లేదు. అక్కడ ఐ, పి, సి, ఓ, ఎన్, ఎఫ్, ఐ, జి అనే 8 అక్షరాలు వరసగా, మధ్య ఖాళీ లేకుండా కొట్టి ఎంటర్ నొక్కండి. ఈథర్నెట్ అన్న పేరు కింద ఐపీవీ4 అడ్రస్ అని ఒక నంబరు కనబడుతుంది. దానిని కాగితంమీద రాసుకోండి. తరువాత మీ ఫోనులో వైఫై సెట్టింగులు తెరిచి, మీ ఇంటి వైఫై పేరు మీద నొక్కితే అందులోనూ ఐపీ అడ్రస్ వుంటుంది. దానినీ దాని పక్కనే రాయండి. రెండింటిలో మొదటి మూడు అంకెలు మామూలుగా ఒకటిగానే వుండాలి. ఫోనుది 192.168.100.7, లాప్‌టాప్‌ది 192.168.1.25 అని వుంటే నా అనుమానం నిజమే. ఒకరు కొత్తపేటలో, మరొకరు పాతపేటలో వున్నారన్నమాట.

ఇక మందు. మళ్ళీ విండోస్ మీట, ఆర్ నొక్కండి. ఈసారి ఎన్, సి, పి, ఎ, చుక్క, సి, పి, ఎల్ కొట్టి ఎంటర్ నొక్కితే గుమ్మాల బొమ్మలు వరసగా కనబడతాయి. ఈథర్నెట్ బొమ్మ బూడిదరంగులో వుండి కింద డిసేబుల్డ్ అని వుంటే, కుడి మీట నొక్కి ఎనేబుల్ చేస్తే చాలు. అది మామూలుగానే వుంటే కుడి మీట నొక్కి ప్రాపర్టీస్ తెరవండి. వచ్చిన జాబితాలో ఇంటర్నెట్ ప్రోటోకాల్ వెర్షన్ 4 అన్న పంక్తిని ఎంచుకుని, కింది ప్రాపర్టీస్ నొక్కండి. లోపల నంబర్లు రాసి వున్నాయా? అయితే వెంటనే చెరపవద్దు. ముందుగా ఫోనుతో ఆ తెరను ఒక ఫోటో తీసి వుంచుకోండి. కొన్ని ఊళ్ళలో చిన్న ఆపరేటర్లు తామే ఒక నంబరు కేటాయించి అది తప్ప మరొకటి పనిచేయదంటారు. అట్టివారి దగ్గర ఆ నంబరు మళ్ళీ కావలసివస్తుంది. ఫోటో తీశాక, పైభాగంలో ఆబ్టెయిన్ యాన్ ఐపీ అడ్రస్ ఆటోమేటికల్లీ అన్నదాని పక్క చుక్క పెట్టండి. కింద డీఎన్ఎస్ గురించి కూడా అటువంటిదే ఇంకొకటి వుంటుంది, దానికీ పెట్టండి. ఓకే నొక్కి బయటికి రండి. అరనిమిషంలో నెట్ రావాలి. షాపుకు ఇవ్వవలసిన డబ్బూ మిగులుతుంది, మూడేళ్ళ పాఠాలూ మిగులుతాయి.

తెనాలి సోదరికి ఇది సరిపోతుంది. మిగతా పాఠకులందరి బాధా ఇదే కాకపోవచ్చు గనుక మరికొన్ని గుర్తులు చెబుతాను.

ఇంట్లో ఒక్క పరికరానికీ నెట్ రాకపోతే కంప్యూటరు జోలికే వెళ్ళవద్దు, బాక్సు దీపాలు చూడండి. సన్నటి గాజుతీగ వచ్చే బాక్సులలో లాస్ అని రాసి వున్న దీపం ఎర్రగా వెలిగినా, మిటకరించినా వీధినుంచి వెలుగు రావడంలేదని అర్థం. ఆ తీగ ఎక్కడైనా మడతపడిందేమో, మంచం కోటికింద నలిగిందేమో చూడండి. అంతకుమించి మనం చేయగలిగింది లేదు, ఆపరేటరు రావలసిందే. ఆ తీగ చివర వూడదీసి కంటితో లోపలికి చూడటం మాత్రం ఎన్నటికీ చేయకండి, పిల్లలను చేయనివ్వకండి. అందులో వచ్చే వెలుగు కంటికి కనబడదు గాని, కంటికి హాని చేయగలదు. టీవీకి వచ్చేటటువంటి లావు నల్ల కేబులు ద్వారానే నెట్ వచ్చే ఇళ్ళలో, మర చుట్టు వదులైందేమో చేతితో బిగించి చూడండి. ఒక కేబులును రెండు టీవీలకు చీల్చే చిన్న పెట్టె మధ్యలో వుంటే దానిని తీసి, కేబులును నేరుగా మోడెమ్‌కు తగిలించండి. రెండుగా చీల్చిన చోట బలం సగానికి సగం తగ్గిపోతుంది.

బాక్సు ఆపి మళ్ళీ వేయడం అందరూ చేసే పనే గాని, దానికీ ఒక వరస వుంది. మోడెమ్, రూటరు అని రెండు వేరు వేరు డబ్బాలుంటే రెండూ ఆపి ఒక నిమిషం ఆగండి. ముందు మోడెమ్ వేసి, దాని దీపాలు నిలకడగా వెలిగాక రూటరు వేయండి. కంప్యూటరు అన్నిటికన్నా చివర. కొన్ని మోడెములు తాము లేచినప్పుడు మొదట కనబడిన పరికరాన్నే గుర్తుపెట్టుకుని మరొకదానిని రానివ్వవు. కొత్త రూటరు కొన్నవారికి నెట్ రాకపోవడానికి ఇదొక కారణం. కొందరు ఆపరేటర్లు తమ దగ్గరే ఆ గుర్తు రాసి వుంచుకుంటారు. వారికి ఫోను చేసి కొత్త రూటరు అడుగున ముద్రించి వున్న మాక్ అడ్రస్ చెప్పాలి.

నల్లటి తెరలో మీ నంబరు 169.254 తో మొదలైందనుకోండి. కంప్యూటరు నంబరు అడిగింది, ఎవరూ పలకలేదు, పాపం తనకు తానే ఒకటి పెట్టుకుంది. అప్పుడు వైరు, బాక్సు రెండింటినీ అనుమానించాలి. నంబరు సక్రమంగానే వుండి నెట్ రాకపోతే అదే నల్ల తెరలో పి, ఐ, ఎన్, జి అని కొట్టి, ఖాళీ వదిలి, డిఫాల్ట్ గేట్‌వే అని కనబడే బాక్సు నంబరు కొట్టండి. రిప్లై అని జవాబు వస్తే బాక్సుదాకా దారి బాగుంది. తరువాత అల్లాగే 8.8.8.8 అనే నంబరుకు కొట్టండి. జవాబు వస్తే వీధి దాటి లోకందాకా దారి బాగున్నట్లే. ఈ పరీక్షను 1983లో మైక్ మూస్ అనే అమెరికన్ రాశాడు. జలాంతర్గాములు నీటిలో శబ్దం పంపి, అది తిరిగివచ్చే తీరునుబట్టి ఎదుట ఏముందో తెలుసుకుంటాయి. ఆ శబ్దం పేరే దీనికి పెట్టాడు. మనం గుమ్మంలో నిలబడి "ఏమండీ, ఇంట్లో వున్నారా?" అని కేకవేయడం లాంటిదే ఇది కూడా.

8.8.8.8 పలుకుతోంది, వెబ్‌సైటు మాత్రం తెరుచుకోదు అంటే లోపం డీఎన్ఎస్‌లో వుండవచ్చు. మనం పేరు చెబితే నంబరు వెతికిపెట్టే ఏర్పాటు అది. ఊళ్ళో పోస్టుమాన్ సెలవు పెట్టినట్లు, ఇళ్ళూ వీధులూ అన్నీ వున్నా ఉత్తరం చేరదు. ఇందాక చెప్పిన కిటికీలోనే కింది భాగంలో డీఎన్ఎస్ నంబర్లుగా 8.8.8.8 అనీ, 1.1.1.1 అనీ రాసి చూడవచ్చు. ఇవి ఎవరైనా వాడుకోదగ్గవే.

అరగంట వచ్చి అయిదు నిమిషాలు పోతూ వుంటే డివైస్ మేనేజరులో ఆ ఎడాప్టరు ప్రాపర్టీస్ తెరిచి, పవర్ మేనేజ్‌మెంట్ అన్న పుటలో కరెంటు పొదుపుకోసం ఈ పరికరాన్ని ఆపవచ్చు అన్న అనుమతికి టిక్కు వుంటే తీసేయండి. ఉరుములు మెరుపులు వచ్చిన రాత్రి తరువాత వైరు గుమ్మం చచ్చిపోయి, మంచి వైరు పెట్టినా దీపం వెలగకపోతే, అది కాలిపోయి వుండవచ్చు. దానికోసం లాప్‌టాప్ మార్చనక్కరలేదు. యూఎస్‌బీ రంధ్రంలో పెట్టుకునే ఎడాప్టరు దొరుకుతుంది, దానితో పని జరిగిపోతుంది. వర్షాకాలంలో రాత్రి పడుకోబోయేముందు బాక్సు ప్లగ్గు పీకి, కంప్యూటరు నుంచి వైరు కూడా తీసివేయడం మా ఇంట్లో అలవాటు.

ఏమి చేసినా ఒకసారికి ఒక్కటే మార్చండి. మార్చి చూసి, గుణం కనబడకపోతే యథాస్థితికి తెచ్చి, తరువాతదానికి వెళ్ళండి. నాలుగు మందులు కలిపి మింగితే జ్వరం దేనివల్ల తగ్గిందో వైద్యుడికి కూడా తెలియదు. అన్నీ అయిపోయాక చివరి ఉపాయంగా విండోస్ సెట్టింగులలో నెట్‌వర్క్ రీసెట్ అని వుంది. అది గుమ్మాలన్నిటినీ ఊడదీసి మళ్ళీ బిగిస్తుంది. వైఫై పాస్‌వర్డులు మరచిపోతుంది గాని మీ పాఠాలనూ, ఫోటోలనూ ముట్టుకోదు. ఆఫీసువారిచ్చిన లాప్‌టాప్ అయితే మాత్రం ఇవేవీ చేయక ముందు ఆఫీసువారిని అడగండి.

ఇంతాచేసి ఆపరేటరును పిలవవలసివచ్చినా మీ శ్రమ వృథా పోదు. "నెట్ రావట్లేదు బాబూ" అంటే "రేపు చూస్తామమ్మా" అన్న జవాబు వస్తుంది. "లాస్ దీపం పొద్దున్న ఏడింటినుంచి ఎర్రగా వుంది, ఇంట్లో ఏ ఫోనుకూ నెట్ లేదు" అనండి. లేదా "బాక్సు పలుకుతోంది, 8.8.8.8 పలకడంలేదు, వైరు మార్చి చూశాం" అనండి. అవతలి గొంతు వెంటనే మారుతుంది. కంప్యూటరు పాడయిందని ఇక అతను చెప్పలేడు.

పాలలెక్క, చాకలిలెక్క రాసుకునే పుస్తకంలోనే ఒక పుట దీనికి కేటాయించండి. ఆపరేటరు ఫోను నంబరు, మీ కనెక్షన్ నంబరు, మామూలు రోజున బాక్సుమీద ఏ ఏ దీపాలు ఏ రంగులో వెలుగుతాయో, లాప్‌టాప్ నంబరు ఎంతో, నెట్ బాగున్న రోజునే రాసి పెట్టుకోండి. పెళ్ళివారింటి సామాను జాబితా పెళ్ళికి ముందే రాసుకుంటాం గదా!

వచ్చేవారం, ఎండలు ముదరకముందే ఇన్వర్టరు బ్యాటరీకి నీళ్ళు పోయడంలో తీసుకోవలసిన జాగ్రత్తలు రాస్తాను.